గిర్రబండిలో దయ్యం ఆగిన చోటు

5 ఫిబ్రవరి 2026, గురువారం. సూర్యాపేట

గిర్రబండి ఆటలో దయ్యం బండి నేరేడుచర్ల దాటిన రెండో వంపు దగ్గర ఆగింది. సాయంత్రం 5.20. కాసేపు కదల్లేదు. తర్వాత కొంచెం వెనక్కి వచ్చి, రోడ్డు దిగి, ఆటలో గీసిన కంచెలోంచి దూరి, ఏమీ గీయని బూడిద రంగులోకి వెళ్లిపోయింది.

ఆ వంపు నాకు తెలుసు. రెండేళ్ల కిందటి ఏప్రిల్‌లో, నేను కోర్టులో రాస్తున్న కేసులోని యమునను బండి గుద్దింది అక్కడే.

వరుసగా రాసుకుంటాను. గిర్రబండి కోదాడ కుర్రాడు చంద్రు చేసిన రేసింగ్ ఆట. చిన్న చిన్న కార్ట్‌లు, మన రోడ్లు. ఇవాళ మూడోది విడుదలైంది. ఆదివారం పేజీకి ఫీచర్ కావాలని డెస్క్ నుంచి ఫోన్. పాత రెండు ఆటలను గుర్తుచేసే సంగతులు పది ఏరి బాక్స్ కట్టమన్నారు. కోర్టులూ మార్కెట్ యార్డూ రాసే నాకు ఆట ఇచ్చారు. సబ్ ఎడిటర్ నవ్వుతూ, సంపత్ సార్, ముందు ట్యుటోరియల్ ఆడుండ్రి, లేకుంటే స్టార్టింగ్ లైన్ కాడనే ఉంటరు అన్నాడు. అదే జరిగింది. చాలాసేపటికి లైన్ దాటాను. దాటాక నా ముందు పోతున్న దయ్యాన్ని చూస్తూ ఉండిపోయాను.

ఆట వేసుకుంటుంటే లొకేషన్ అడిగింది. అలో నొక్కాను. అన్నిటికీ నొక్కుతాను.

6 ఫిబ్రవరి, శుక్రవారం. కోదాడ

చంద్రు ఆఫీసు ఎరువుల దుకాణం పైన రెండు గదులు. అతను హైదరాబాద్‌లో ఉన్నాడట. జ్యోత్స్న చూపించి, నాతో ఒకసారి ఆడించింది. ఆటలో బొమ్మలన్నీ గీసేది ఆమే. సార్, మీరు గేమర్ కాదని మిల్లు గోడకి గుద్దినప్పుడే తెలిసిపోయిందండి, అంది. మర్యాదగానే అంది.

పాత గుర్తుల గురించి అడిగితే ఉత్సాహంగా చెప్పింది. రెండో ఆటలో టోల్‌గేట్ కర్ర ఆడేవాళ్ల నెత్తిన పడేది. ఇప్పుడు అదే కర్ర విరిగి రోడ్డు పక్కన పడి ఉంటుంది. మొదటి ఆటలో దారికి అడ్డం నిలబడి కదలని బర్రె, మూడో దాంట్లో కాలికి కట్టు కట్టుకుని సూర్యాపేట బస్టాండు బెంచీ మీద కూర్చుంది. అది మా ఆఫీసు జోకండి, మా సార్‌ని ఆటపట్టించడానికి, అంది. మొదటి ఆటలో అందరికీ దొరికిన పసుపు ఆటో ఇప్పుడు ఎవరికీ దొరకదు. చంద్రు ఒక్కడికే ఉంటుంది. తయారుచేసినవాడి గుర్తు.

ఇక వడ్లు. కోతలప్పుడు మిర్యాలగూడ–కోదాడ రోడ్డు సగం వడ్లే. ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. మొదటి ఆటలో ఆ వడ్లు తొక్కితే స్పీడు పెరిగేది. రైతులు గొడవ చేశారు, రెండో ఆటలో తీసేశారు. మూడో దాంట్లో వడ్లు లేవు, పిచ్చుకలున్నాయి. ఖాళీ తారు మీద ఏదో ఏరుకుంటూ ఉంటాయి. పాతది ఆడినవాళ్లకే అర్థమవుతుంది సార్, అంది.

దయ్యం గురించి అడిగాను. రేసింగ్ ఆటల్లో మనం దాటాల్సిన నీడ బండిని గోస్ట్ అంటారు. ఇక్కడి పిల్లలకు అది దయ్యం. చంద్రు పద్ధతి మొదటి నుంచీ ఒకటే, తాను నడపని దారి ఆటలో పెట్టడు. కారు డాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి నిజం రోడ్డు మీద నడుపుతాడు. ఫోన్ పట్టిన దారి, దాని వేగంతో సహా, దయ్యం అవుతుంది.

కొత్త ఆటలో 'మీ దారి' అని ఇంకొకటి కలిపారు. లొకేషన్ ఇచ్చినవాళ్లు తిరిగిన దారులు కూడా ఎప్పటికప్పుడు దయ్యాలవుతాయి. మన దారిలో తిరిగిన మిగతావాళ్ల దయ్యాలూ మనకు కనిపిస్తాయి.

మిర్యాలగూడ–కోదాడ దయ్యం ఎప్పటిదని అడిగాను. నవ్వింది. అది సర్‌ప్రైజ్ అండి, మా సార్‌కి కూడా తెలీదు, అంది. ఈ మధ్య నడిపింది ఒకటుందట. కానీ పాత హార్డ్ డిస్క్‌లో ఎన్నడూ వాడని రన్ ఒకటి దొరికింది. ఫ్యాన్స్‌కి పాతదంటే పిచ్చి కదండీ, చివరి రోజు దాన్నే పెట్టేశాను.

మధ్యలో ఎందుకు ఆగుతుంది అన్నాను.

టీ తాగడానికేమో సార్, అంది.

8 ఫిబ్రవరి, ఆదివారం

ఫీచర్ వచ్చింది. డెస్క్ పది అడిగింది. తొమ్మిదే ఇచ్చాను.

యమున కేసులో తెలిసినవి. నేరేడుచర్ల దగ్గరి తండా. దీప్లా భార్య. కోతల కాలం, సాయంత్రం, రోడ్డు మీద తమ వడ్లను కాళ్లతో తిరగదోస్తోంది. ఏదో బండి గుద్దింది. చూసినవాళ్లు లేరు. వడ్లు ఎత్తడానికి ట్రాక్టర్ తెచ్చిన మరిది మోతీలాల్ ఆమెను ట్రాలీలో వేసుకుని దవాఖానకు బయలుదేరాడు. దారిలోనే చనిపోయింది. ట్రాలీలో నెత్తురు. మోతీలాల్ కల్లు తాగి ఉన్నాడు. ట్రాక్టర్ వెనక్కి తీస్తూ గుద్దాడని కేసు. ఫిర్యాదు చేసింది దీప్లాయే, సొంత తమ్ముడి మీద.

తీర్పు ఈ నెల 23, సోమవారం. నేరం రుజువైతే మోతీలాల్ జైలుకు పోతాడు.

ఆమె చనిపోయిన మర్నాడు పొద్దున నేను ఆ రోడ్డు మీద వెళ్లాను. రోడ్లపై వడ్లు, ప్రమాదాలు అని వార్త. మిర్యాలగూడ నుంచి ఆ వంపు దాకా ఎక్కడ వడ్లు పోసి ఉంటే అక్కడ ఫోటో తీశాను. ఫోటోలు ఇంకా ఉన్నాయి.

9 ఫిబ్రవరి, సోమవారం

ల్యాప్‌టాప్‌లో ఫోటోలు, ఫోన్‌లో ఆట. పొద్దంతా ఇదే పని.

ఖాళీ రోడ్డు మీద దయ్యం సాఫీగా పోవడం లేదు. రైస్ మిల్లు గేటు దాటగానే కుడికి తప్పుకుంటుంది. ఫోటోలో అక్కడ వడ్లు. కల్వర్టు ముందు మళ్లీ కుడికి, ఈసారి చాలా దూరం అలాగే పోతుంది. ఫోటోలో అక్కడ పొడుగాటి వడ్ల పరుపు. చింతచెట్టు కింద తప్పుకోదు. ఫోటోలో చింతచెట్టు కింద ఏమీ లేదు.

కామెంట్లలో పిల్లలు నవ్వుకుంటున్నారు. చంద్రన్న ఆనాడు ఫుల్లుగ ఏసిండు అని ఒకడు. దయ్యానికి ఉచ్చొచ్చింది రా, గందుకే ఆగింది అని ఇంకొకడు.

తాగి నడిపింది కాదు అది. ఆటలోంచి వడ్లు తీసేశారు. దయ్యం ఇంకా వాటిని తప్పించుకుంటూనే ఉంది.

వడ్లు ఒకచోట ఎక్కువ రోజులుండవు. ఆరగానే ఎత్తి కొనుగోలు కేంద్రానికి తోలుతారు. ఆ జాగాలో ఇంకొకరు పోస్తారు. అందుకని ఈ వంపుల వరుస నా ఫోటోల నాటిదే. ముందు వారానిదీ తర్వాతి వారానిదీ కాదు.

ఒక్కచోటే కలవలేదు. రెండో వంపు. ఫోటోలో వడ్లున్నాయి, అంచు రాళ్లు చెదిరిపోయి ఉన్నాయి. దయ్యం కుడికి జరగలేదు. నేరుగా పోయి, ఆగింది.

10 ఫిబ్రవరి

ఒక కారు ఆ రోజుల్లో అక్కడ ఆగిందని మాత్రమే ఇది చెబుతుంది. గుద్దిందని చెప్పదు. ఈ తేడా మరిచిపోకూడదు.

11 ఫిబ్రవరి, బుధవారం. మిర్యాలగూడ రోడ్డు

నడిపి చూశాను. రెండు వైపులా పచ్చటి నాట్లు, కాల్వ నిండా నీళ్లు. రోడ్డు ఖాళీ. కల్వర్టు దగ్గరకు రాగానే నాకు తెలియకుండానే స్టీరింగ్ కుడికి తిప్పాను. అక్కడేం లేదు. ఎదురుగా వచ్చే ఆటోవాడు తల బయటపెట్టి, ఏందన్నా, రోడ్డంత నీదేనా అన్నాడు.

రెండో వంపు దాటగానే ఎడమకు కాల్వ కట్ట దారి ఉంది. ఆటలో లేదు, నిజంగా ఉంది. కంచెలోంచి దూరి దయ్యం పోయింది ఆ దారినే. ఊళ్లేవీ తగలకుండా చాలా దూరం పోవచ్చు.

తిరిగొస్తూ తండాలో ఆగాను. దీప్లా పొలంలో ఉన్నాడు. మోతీలాల్ దొరికాడు. ఇప్పుడు ట్రాక్టర్ నడపడు, కూలికి పోతున్నాడు. అన్న ఇంటికీ తన ఇంటికీ మధ్య దీప్లా కట్టిన తడిక పక్కన కూర్చుని మాట్లాడాడు. ట్రాక్టర్ మెల్లగ పోతది సారు, జోరుగ పోయేదుంటే వదిన బతుకుతుండె, నా తప్పు గదే అన్నాడు. జైలు సంగతి అడిగాను. జైలుదేముంది, రెండు పూటల తిండి పెడతరంట. భియా నా ఎదురుంగ నిలవడి కోర్టుల సెప్పిండు గద, గది అరుగుతలేదు, అన్నాడు. భియా అంటే వాళ్ల భాషలో అన్న.

ఆట గురించి అతనికి చెప్పలేదు. నమ్మకం ఇచ్చి తర్వాత తీసుకోవడం మంచిది కాదు.

15 ఫిబ్రవరి, ఆదివారం. తండా

లంబాడాల గురువు సేవాలాల్ జయంతి. భోగ్ హోమం అయిపోయింది. బెల్లం, నెయ్యి కాలిన వాసన ఇంకా ఉంది. అందరూ గుడి దగ్గర. మోతీలాల్ మాత్రం ఇంట్లోనే ఉన్నాడు.

దీప్లాను పక్కకు పిలిచి ఆట చూపిస్తానన్నాను. నా పెండ్లాం సచ్చిన తొవ్వల ఆటనా సారూ, మీ పేపరోళ్లకు ఇగ పనేం లేదా, అన్నాడు. ఒక్కసారి చూడు, నేనేం చెప్పను అన్నాను. గీ పోరగాళ్ల యవ్వారం నీకెందుకు సారూ ఈ వయసుల, అంటూనే ఫోన్ అందుకున్నాడు.

నేను నిజంగానే ఏమీ చెప్పలేదు.

మిల్లు గేటు దాటి దయ్యం కుడికి జరిగింది. దీప్లా మొదట ఊరికే చూశాడు. కల్వర్టు దగ్గర పొడుగ్గా జరగగానే, గాడ పర్వతాలన్న పోసిండు అప్పుడు, అన్నాడు. మళ్లీ జరిగింది. ఇవి మా తండా గేమ్యా వడ్లు, బిడ్డ పెండ్లుందని జల్ది కోసిండు, పచ్చి వడ్లు, ఎన్నిరోజులకూ ఆరకపాయె. ఆ తర్వాత నన్ను చూడటం మానేశాడు. దయ్యం తప్పుకున్న ప్రతిచోటా ఒక పేరు చెప్పాడు. తారు మీద వడ్లున్నట్టే చెప్పాడు.

మొదటి వంపు దాటాక గొంతు తగ్గింది. రెండో వంపు వస్తుంటే ఫోన్‌ను తనే కుడికి వంచుతున్నాడు. జరుగు, జరుగు, అన్నాడు బండితో.

జరగలే, అన్నాడు తర్వాత.

ఇంకోపారి వెయ్ సారూ అన్నాడు. వేశాను. ఇంకోపారి అన్నాడు. మూడోసారి అయ్యాక, ట్రాక్టర్ గింత జోరుగ రాదు గద, అన్నాడు. అది నన్ను అడిగింది కాదు.

లేచి తడిక దగ్గరికి పోయాడు. అవతల మోతీలాల్ దగ్గు వినిపిస్తోంది. దీప్లా కాసేపు నిలబడ్డాడు. పిలవలేదు. తిరిగొచ్చి, ఆ బండి ఎవలది అన్నాడు. ఇంకా చెప్పలేను అన్నాను. నీకెరికే సారూ, అన్నాడు.

16 ఫిబ్రవరి, సోమవారం. మిర్యాలగూడ

మోతీలాల్ వకీలు శోభ. అంతా విని మొదటి ప్రశ్న ఇది వేసింది: ఈ దయ్యం చంద్రు నడిపిందేనని కోర్టులో ఎవరు చెబుతారు?

జవాబు ఒక్కటే. జ్యోత్స్న.

ఆట ఉన్న నా పాత ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కవరులో సీల్ చేసి శోభకు ఇచ్చాను. నెట్ తగిలితే ఆట కొత్తది దించుకుంటుంది. పాత దయ్యం పోతుంది. ఇంటికి వచ్చాక రెండో ఫోన్‌లో నా అకౌంట్‌తోనే ఆట వేసుకున్నాను.

17 ఫిబ్రవరి, మంగళవారం

జ్యోత్స్నే ఫోన్ చేసింది. చాలా నెమ్మదిగా మాట్లాడింది. సార్, ఆ పాత ఫోల్డర్ లేదండి. చంద్రు నిన్న ఆఫీసుకు వచ్చాడట. ఆమె టీకి వెళ్లినప్పుడు ఆమె సిస్టం ముందు కూర్చున్నాడట. వచ్చేసరికి ఫోల్డర్ లేదు.

ఆ ఏప్రిల్‌లో కారు ముందు భాగం నలిగి వచ్చిందని చెప్పింది. బర్రె అడ్డం వచ్చిందన్నాడట. ఆఫీసంతా రోజుల తరబడి నవ్వుకున్నారు. ఆ బర్రెనే కదండీ నేను కట్టు కట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది, అంది.

తర్వాత, దయ్యం అక్కడ ఆగింది టీ తాగడానికి కాదు కదండీ, అంది.

నాకు తెలిసినవి చెప్పాను. తెలియనివి ఇవీ అని కూడా చెప్పాను.

19 ఫిబ్రవరి, గురువారం. సూర్యాపేట

చంద్రు వచ్చాడు. మా ఆఫీసు పక్క టీ హోటల్లో, నేను రోజూ కూర్చునే కుర్చీకి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ముప్పై దాటి ఉండవు. నవ్వు మొహం.

మీ ఆర్టికల్ అదిరిందన్నా, తొమ్మిదే రాశారేంటి, పదోది మర్చిపోయారా అన్నాడు. దొరకలేదు అన్నాను. ఆ దయ్యం పాత ఫైలన్నా, పిల్ల తెలీక పెట్టేసింది, ఆ రోజు బర్రె అడ్డం వచ్చింది, అంతే అన్నాడు.

నేను ఆ దయ్యం గురించి అడగలేదు.

కారు అప్పుడు ఏ షెడ్డులో బాగుచేయించావు అన్నాను. గుర్తులేదన్నాడు. టీ తాగాడు. తండాకి రెండుసార్లు వెళ్లారు, మిర్యాలగూడలో లాయరమ్మ ఆఫీసు ముందు బాగానే సేపు ఆగారు, 'మీ దారి' తెగ ఆడుతున్నారన్నా, అన్నాడు. గొంతు పెంచలేదు. లేస్తూ, రోడ్లు బాలేవు, నిదానంగా నడపండి అన్నాడు.

లొకేషన్ ఆపేద్దామనుకున్నాను. ఆపలేదు. ఆపితే నా దారి అతనికి కనిపించదు. కానీ నా దారిలో ఎవరున్నారో నాకూ కనిపించదు.

20 ఫిబ్రవరి, శుక్రవారం

గిర్రబండి పేజీలో ప్రకటన. సోమవారం ఉదయం పది గంటలకు అప్‌డేట్. మిర్యాలగూడ–కోదాడ దయ్యంలో పొరపాటు సరిచేస్తారట. కింద పిల్లల కామెంట్లు. అన్నా తియ్యకు, ఆ తాగుబోతు దయ్యమే మస్తుంది.

21 ఫిబ్రవరి, శనివారం. మిర్యాలగూడ, కోదాడ

మళ్లీ సాక్ష్యం తీసుకోవాలని శోభ వేసిన పిటిషన్‌ను సోమవారం తీర్పుకు ముందే వింటారు. పిటిషన్‌కు తోడు కాగితాల మీద సంతకం చేయడానికి జ్యోత్స్న వచ్చింది. సంతకం చేసి, పెన్ను శోభకు తిరిగి ఇచ్చింది. ఉద్యోగం పోతుందండి, అది తెలుసు, అంది. ఇంట్లో చెప్పిందా అని అడిగాను. చెప్పలేదు.

దీప్లా కూడా వచ్చాడు. ఫిర్యాదు చేసినవాడే నిందితుడి వకీలు ఆఫీసులో కూర్చున్నాడు. నిన్న తడిక పీకేసిన, అన్నాడు. ఏం మాట్లాడుకున్నారు అని శోభ అడిగింది. ఏం లేదమ్మా, పొయ్యిల పెట్టినం, అన్నం ఉడికింది, అన్నాడు. జ్యోత్స్నను చూసి లేచి కుర్చీ జరిపాడు. కూసో బిడ్డా, నువ్వు జెప్పేది నాకెరికే, నేను సూసిన, అన్నాడు.

సాయంత్రం జ్యోత్స్నను కోదాడలో ఆమె హాస్టల్ వీధిలో దించాను. దారి పొడుగునా ఆమె కిటికీలోంచి రోడ్డును చూస్తూనే ఉంది. కల్వర్టు దగ్గర కారు ఆపమని, సార్, ఇక్కడ పిచ్చుకలు పెట్టానండి, అంది. అక్కడ పిచ్చుకలు లేవు.

22 ఫిబ్రవరి, ఆదివారం. సాయంత్రం 6.10

'మీ దారి' తెరిచాను. నా దయ్యం వెనక పసుపు ఆటో ఉంది. నిన్న మిర్యాలగూడలో, కల్వర్టు దగ్గర, నేను ఎక్కడ ఆగితే అక్కడ కొంచెం వెనక ఆగింది. తన ఫోన్‌లో కూడా ఆట ఆన్‌లోనే ఉంటుందని చంద్రు మళ్లీ మరిచిపోయాడు.

ఇవాళ అది నా వెనక లేదు. మధ్యాహ్నం నుంచి కోదాడలో, జ్యోత్స్న హాస్టల్ వీధిలో ఆగి ఉంది. ఆరు గంటలకు కదిలింది. నేరేడుచర్ల వైపు.

జ్యోత్స్న ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు.

వందకు ఫోన్ చేసి పోలీసులకు చెప్పాను. దీప్లాకు చెప్పాను. అన్నదమ్ములిద్దరూ ఒకే బండి మీద రెండో వంపు దగ్గరికి బయలుదేరారు. నేను ఇటు సూర్యాపేట నుంచి పోతున్నాను.

రేపు పది గంటలకు అప్‌డేట్. పదిన్నరకు కోర్టు. మొదటి సాక్షి జ్యోత్స్న.